మైకక్క ఊరు చూపించిన తీరు

మా తోడికోడల్ని వీధి వీధంతా మైకక్క అనేది. పెళ్లయి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, పై వాటాలో పెట్టె దించుకుంటుంటే కింది వాటాలో ఎవరో రేడియో పెట్టారనుకున్నాను. తొంగి చూస్తే ఆవిడ కూరగాయల బండివాడితో బేరమాడుతోంది. బండివాడు నోరు తెరవడానికి సందు దొరక్క, చివరికి ఆవిడ చెప్పిన ధరకే తూచేసి వెళ్లిపోయాడు.

ఆ నోరే ఆవిడకి అన్నం పెట్టింది. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న చిన్న టూరిస్టు ఆఫీసులో ఆవిడ గైడు. రెండు రోజుల సెలవు దొరికిందని మా నగరం చూడ్డానికి వచ్చేవాళ్లని పొద్దున్నే పోగుచేసి, గడియార స్తంభం, ఇత్తడి పనివాళ్ల వీధి, నది రేవు, పూల మార్కెట్టు అన్నీ తిప్పి, సాయంత్రానికి మళ్లీ స్టేషన్ దగ్గర వదిలేది. గడియార స్తంభం కింద నిలబడి ఆవిడ గొంతు విప్పితే పైనున్న పావురాలు లేచిపోయేవి. ఏ రాజు ఎప్పుడు పుట్టాడో, రాణి ఎందుకు అలిగిందో, స్తంభం కట్టిన మేస్త్రీకి ఎంతమంది అల్లుళ్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేది. అందులో కొన్ని నిజాలు, కొన్ని అప్పటికప్పుడు పుట్టినవి. ఒకసారి అడిగేశాను కూడా.

“చరిత్ర ఉప్పులేని కూర లాంటిది చెల్లీ. వడ్డించేవాళ్లే కాస్త చల్లాలి” అంది.

మా బావగారు సిటీ బస్సుల డిపోలో మెకానిక్కు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే స్పానరు పెట్టి తిప్పాలి. ఇద్దరికీ కలిపి ఇవ్వాల్సిన మాటలన్నీ దేవుడు ఒక్కరికే ఇచ్చేశాడని మా అత్తగారు నవ్వేవారు.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. మొదట్లో చల్లగాలి అనుకున్నాం. మిరియాల కషాయం పోశాం, తేనె నాకించాం, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాం. బొంగురు కాస్తా గరగర అయింది. చివరికి డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, స్వరతంతువు మీద బుడిపె లేచిందనీ, కోసి తీసేయాలనీ అన్నాడు. కోశారు. కొన్ని వారాలు పెదవి కదపకూడదన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోరు అంతకాలం మూసుకుని ఉండటం అదే మొదలు. ఆ గడువు తీరాక మళ్లీ మాట్లాడమన్నప్పుడు, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నటి శబ్దం వచ్చింది. అంతే. డాక్టరు పరీక్షించి, “ఇంతకంటే రాదమ్మా. గట్టిగా మాట్లాడాలని ప్రయత్నించారంటే ఇది కూడా పోతుంది” అన్నాడు.

ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో ఆవిడ బయటికే చూస్తూ కూర్చుంది. బావగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. డిపోలో ఏ బస్సుకి బ్రేకులు పోయాయో, ఏ డ్రైవరు మేనమామకి కాలు విరిగిందో. ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇంట్లో మాకు వేళ్ల భాష అలవాటైంది. చప్పట్లు రెండు కొడితే బావగారు, మూడు కొడితే నేను. కనుబొమ్మ ఎత్తితే కాఫీ. అరచెయ్యి అడ్డంగా ఊపితే “ఇక ఆపు” అని. ఇంటి సంగతి అలా సర్దుకుంది గానీ ఉద్యోగం సంగతి తేలలేదు. ఆఫీసు ఓనరు చెడ్డవాడు కాదు. పనిలోంచి తీసేయలేదు, టికెట్లిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. గైడు పని తన అల్లుడికి అప్పజెప్పాడు. అల్లుడు మైకక్క చెప్పేదంతా బట్టీ పట్టాడు. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే తాడు తెగినట్టు ఆగిపోయి, మళ్లీ రాజు పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు.

ఆఫీసు పక్కనే నేను పనిచేసే టైలరింగ్ షాపు. మధ్యాహ్నం ఇద్దరం కలిసి క్యారేజీ విప్పుకునేవాళ్లం. రోజూ పొద్దున గుంపు బయల్దేరి వెళ్తుంటే ఆవిడ కిటికీ ఊచల్లోంచి చూస్తూ ఉండేది. ఒక రోజు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపేసి, “నన్ను గూట్లో పెట్టిన బొమ్మని చేశారు చెల్లీ” అని ఊదింది. మాట్లాడింది అనడానికి లేదు, ఊదింది అనాలి. ఆ రోజు ఇద్దరం సరిగా తినలేదు.

కానీ ఊరికే కూర్చునే రకం కాదు ఆవిడ. తర్వాత తర్వాత మధ్యాహ్నాలు క్యారేజీకి రావడం మానేసింది. ఎక్కడికి పోతోందా అని ఒక రోజు వెతుక్కుంటూ వెళ్తే, ఇత్తడి పనివాళ్ల వీధిలో, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి పనివాడి పక్కన గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని, బిందె అంచు సుత్తితో కొడుతోంది. చీర కొంగు నడుముకి దోపుకుంది. ముక్కు మీద చెమట. నన్ను చూసి సుత్తి ఎత్తి, కూర్చోమన్నట్టు సైగ చేసింది.

తిరిగి వస్తూ నా భుజం మీద చెయ్యేసి చెవిలో చెప్పింది. “ఇన్నేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట ఏంటో తెలుసా? రాజు పేరు కాదు, రాణి పేరు కాదు. ‘ముట్టుకోకండి’ అని. జనం చేతులన్నీ అటే పోయేవి. నేను నోటితో వెనక్కి లాగేదాన్ని.”

కాసేపు నడిచాక మళ్లీ ఆగి, “మాట పనిచేయకపోతే చేతులు పనిచేస్తాయి” అంది. ఆవిడ బుర్రలో ఏదో ఉడుకుతోందని అప్పుడే అర్థమైంది.

ఆ ఉడుకు మూత తోసుకుని బయటికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక శనివారం పొద్దున ఓనరు అల్లుడికి జ్వరం తగిలింది. ఆఫీసు ముందు ఐదుగురు టూరిస్టులు నిలబడి ఉన్నారు. ఏదో ఊళ్లో రంగుల షాపు నడిపే పెద్దమనిషి, ఆయన భార్య, మోకాళ్లకి పట్టీలు కట్టుకున్న ఆయన అక్కగారు, పెళ్లయి నెల కూడా తిరగని ఒక జంట. అందరికీ మర్నాడు రైలు. ఓనరు చేతులు నలుపుకుంటూ, డబ్బు వెనక్కి ఇచ్చేస్తానని చెప్పబోతున్నాడు. నేను అప్పుడే ఆవిడ మర్చిపోయి వచ్చిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను.

కిటికీ లోపల బల్ల మీద దబ్బున చప్పుడైంది. మైకక్క బయటికి వచ్చి ఓనరు ముందు నిలబడి, “నేను తీసుకెళ్తా” అంది.

“మాట లేకుండా ఎలా తీసుకెళ్తారమ్మా?”

“కాళ్లకేం రోగం లేదుగా.”

ఓనరు ఏదో అనేలోపు నా రెక్క పట్టుకుని, “ఇది నా గొంతు” అని నన్ను ముందుకి తోసింది. నాకు నలుగురిలో మాట్లాడాలంటే నాలుక మడతపడుతుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అయినా వదల్లేదు.

మొదట గడియార స్తంభం. అక్కడ మా పరువు పోయింది. గంట ఏనుగంత బరువు కాబట్టి దాన్ని పైకెక్కించడానికి మేస్త్రీ తాళ్లు కట్టించాడని ఆవిడ నా చెవిలో ఊదింది. నేను గొంతు సవరించుకుని, “ఏనుగు... పైకెక్కి... తాళ్లు కట్టింది” అని అరిచాను.

“ఏనుగు కట్టిందా అండీ?” అన్నాడు రంగుల షాపాయన.

కొత్త పెళ్లికూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సరిదిద్దబోయి, మేస్త్రీని గంటలో వేలాడదీశాను. పావురాలు మాత్రం కదలకుండా హాయిగా కూర్చున్నాయి.

“టికెట్టు కొన్నది సౌండు లేని సినిమాకా?” అని రంగుల షాపాయన భార్యతో అన్నాడు, మాకు వినపడేట్టుగానే.

“నువ్వూరుకోరా, పాపం ఆవిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు” అంది అక్కగారు.

తిడితే మైకక్క తట్టుకునేది. ఆ ‘పాపం’ మాత్రం సూటిగా వెళ్లి గుచ్చుకుంది. ముఖం ఎర్రబడింది. నేను ఇంకేదో చెప్పబోతుంటే అరచెయ్యి అడ్డంగా ఊపి, గుంపు ముందుకి వెళ్లి, రండి అన్నట్టు చెయ్యి చూపించి, చకచకా నడిచింది.

ఇత్తడి వీధిలోకి మలుపు తిరగగానే చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. రెండు వైపులా కొట్లలో వందల సుత్తులు. అక్కడ మైకక్కకి గొంతున్నా లేకున్నా ఒకటే, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆవిడ తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆయన చేతిలో సుత్తి తీసుకుని, వెనక్కి తిరిగి, అందరిలోకీ పెద్దావిడ అయిన అక్కగారి చేతిలో పెట్టింది.

అక్కగారు బిత్తరపోయింది. పెద్దాయన ఒక ఎత్తు పీట జరిపి, దుమ్ము దులిపి, కూర్చోమన్నాడు. బిందె మీద ఎక్కడ కొట్టాలో వేలు పెట్టి చూపించాడు. మొదటి దెబ్బ జారి నేల మీద పడింది. రెండోది తగిలింది గానీ మొద్దు చప్పుడు చేసింది. మైకక్క పక్కన వంగి, ఆవిడ మణికట్టుని రెండు వేళ్లతో పట్టుకుని వదులు చేసింది. మూడో దెబ్బకి బిందె ఖంగుమంది. ఆ చుట్టుపక్కల అన్ని సుత్తుల మధ్యా ఆ ఒక్క మోత వేరుగా వినిపించింది. పెద్దావిడ ముఖం విప్పారింది.

ఇక ఆవిడ ఆగలేదు. అంచు చుట్టూ చుక్కల వరుస పడుతూ పోయింది.

“అక్కా, ఒక్కసారి నాకివ్వు” అని రంగుల షాపాయన వంగి చెవిలో అరిచాడు.

“ఆగరా. ఇంట్లో కోడళ్లు నన్ను మంచినీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వరు. ఇన్నాళ్లకి దొరికింది” అని ఆవిడా అరిచింది.

ఆయన వంతు వచ్చేసరికి చొక్కా చేతులు మడిచి, చంటిపిల్లాడిలా నాలుక బయటపెట్టి కొట్టాడు. కొత్త పెళ్లికొడుకు గొట్టంతో కొలిమిలో నిప్పులు ఊదాడు. కనుబొమ్మల మీద బూడిద పడితే భార్య తుడిచింది. వాళ్లని అక్కణ్నుంచి లేపడానికి మేం తిప్పలు పడాల్సి వచ్చింది.

బయల్దేరుతుంటే పెద్దాయన కొట్టు వెనక్కి పిలిచి మైకక్కతో అన్నాడు. “అమ్మాయ్, ఇన్నేళ్లూ నా గుమ్మం ముందు గుంపుని నిలబెట్టి నా గురించి ఏం చెప్పేదానివో గానీ, ఈ గోలలో నాకైతే ఒక్క ముక్క వినపడేది కాదు. నీ వెనకున్నవాళ్లకి మాత్రం ఏం వినపడి ఉంటుంది?”

ఆ మాటకి మైకక్క కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేని నవ్వు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

రేవు దగ్గర పడవ నడిపేది ఒక స్థూలకాయురాలు, మైకక్కకి పాత స్నేహితురాలు. మామూలుగా గుంపుని వరసగా కూర్చోబెట్టి, కదిలితే మునుగుతారని బెదిరించి, అవతలి ఒడ్డుకి చేర్చేది. ఆ రోజు మైకక్క ఏదో సైగ చేస్తే, ఆ పడవ మనిషి కొత్త జంటని పైకీ కిందకీ చూసి, ఒక తెడ్డు పెళ్లికొడుక్కీ ఒకటి పెళ్లికూతురికీ ఇచ్చి, తాను వెనక కాళ్లు చాపుకుని కూర్చుంది.

పడవ నది మధ్యలో గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది.

“కుడి వైపు అంటుంటే!” అన్నాడు పెళ్లికొడుకు.

“ఎవరి కుడి? మీ కుడా నా కుడా?” అంది పెళ్లికూతురు. “ఎదురెదురుగా కూర్చుంటే ఎలా కుదురుతుంది? ఆ ముక్క ముందు ఆలోచించాలి.”

“ఇక్కడ కూర్చోమంది నువ్వే కదా.”

పెళ్లయ్యాక అదే వాళ్ల మొదటి పోట్లాట అయి ఉంటుంది. అది ముదిరేలోపు మైకక్క లేచి, పడవ ముందు భాగంలో కాళ్లు ఎడం చేసి నిలబడింది. ఇద్దర్నీ తన వైపు తిరిగి కూర్చోమంది. ఎడమ పిడికిలి ఎత్తితే పెళ్లికూతురు తెడ్డు వేయాలి, కుడి పిడికిలి ఎత్తితే పెళ్లికొడుకు. రెండూ ఎత్తితే ఇద్దరూ. ఒక్క మాట లేదు. నాలుగైదు పట్లు తడబడ్డాక పడవ ముక్కు తిన్నబడింది. గాలి ఎదురుకొడుతుంటే ఆవిడ చీర చెంగు జెండాలా ఎగిరింది. పిడికిళ్లు లేస్తున్నాయి, తెడ్లు పడుతున్నాయి, నీళ్లు రెండు వైపులా చీలుతున్నాయి. అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు పని ఆపి చూశారు. పడవ ఇసుకలోకి సర్రున దూసుకెళ్లి ఆగింది.

“పెళ్లయిన వాళ్లందరినీ ఒకసారి నా పడవెక్కించాలి” అంది పడవ మనిషి.

మధ్యాహ్నం నీడపట్టున భోజనాలు చేశాక, పడవలో వెనక్కి వచ్చి, ఎండ చల్లబడే వేళకి పూల మార్కెట్టు చేరుకున్నాం. అక్కడ పాటగాడు బల్ల ఎక్కి, ఒక్కొక్క గంపా చూపిస్తూ వేలం పాడుతుంటాడు. గోలలో ధర చెప్పినా వినపడదు కాబట్టి వ్యాపారులంతా వేళ్లతోనే పాడతారు. వేళ్ల భాషంటే మైకక్కకి అప్పటికే వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. ఏ వేలికి ఎంత, పిడికిలి మూస్తే ఏంటి, చెయ్యి దించేస్తే ఏంటి అన్నీ రంగుల షాపాయనకి విడమరిచి చూపించింది. ఆయన ముందు వరసలోకి తోసుకుని వెళ్లాడు.

బంతిపూల గంప ఒకటి వచ్చింది, నిండు పసుపు. ఆయన వేలు లేచింది. అవతలి వైపు గడ్డం వ్యాపారి ఇంకో వేలు ఎత్తాడు. ఈయన ఇంకోటి. గడ్డం వ్యాపారి ఈయన్ని ఎగాదిగా చూసి మళ్లీ ఎత్తాడు. భార్య వెనక నుంచి చొక్కా లాగుతోంది. అక్కగారు ముందుకి తోస్తోంది. ఆయన ఒకసారి మైకక్క వైపు చూశాడు. ఆవిడ కనుబొమ్మ ఎత్తింది. మా ఇంట్లో దానికి అర్థం కాఫీ. ఆయన మాత్రం చెయ్యి మొత్తం ఎత్తేశాడు. గడ్డం వ్యాపారి నవ్వి, చెయ్యి దించి, నమస్కారం పెట్టాడు. పాటగాడు గంప ఈయన వైపు తోశాడు. మార్కెట్టంతా ఈలలు వేసింది.

“ఇంత గంప ఏం చేసుకుంటారండీ?” అని భార్య నెత్తి కొట్టుకుంది.

“ముందు గెలవనీవే. చేసేది తర్వాత చూద్దాం.”

ఏం చేశామంటే, మార్కెట్టు నుంచి స్టేషన్ దాకా దారి పొడుగునా పంచుకుంటూ వచ్చాం. ఆటోవాళ్లకి, కూలీలకి, చెప్పులు కుట్టేవాడికి, బస్టాపులో నిలబడ్డ నర్సులకి. ట్రాఫిక్ కానిస్టేబులు మొదట చిరాకుపడి, తర్వాత అటూ ఇటూ చూసి, ఒక పువ్వు జేబుకి పెట్టుకున్నాడు. గంప నా నెత్తి మీద. నేను, నలుగురిలో నోరు విప్పలేని నేను, “తీసుకోండి, తీసుకోండి” అని అరుస్తూ నడిచాను.

ఆఫీసు ముందు ఓనరు నిలబడి ఉన్నాడు. తగువులాట వస్తుందని సిద్ధపడే ఉన్నాడనుకుంటా, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఐదుగురూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. సుత్తి, పడవ, గంప, గడ్డం. ఎవరేం చెబుతున్నారో ఆయనకి తెలియలేదు. అక్కగారు అందర్నీ పక్కకి నెట్టి అరచెయ్యి చాపింది. బొటనవేలి కింద ఎర్రటి పొక్కు.

“చూడు బాబూ. చాలా ఊళ్లు తిరిగాను. ఏ ఊరూ నా చేతికి అంటుకోలేదు” అంది.

మైకక్క పక్కనే గోడకి ఆనుకుని నీళ్లు తాగుతోంది. టూరిస్టులు మాట్లాడుతుంటే గైడు వినడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి అయి ఉండాలి.

సోమవారం పొద్దున ఓనరు ఆవిడ కిటికీ దగ్గరికే వచ్చాడు. ఇక నుంచి వారం వారం అలా తీసుకెళ్తారా అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పింది గానీ రోడ్డు మీద లారీల రొదలో ఆయనకి వినపడలేదు. ఆవిడ గొంతు వినాలంటే ఎవరైనా వంగాల్సిందే. ఓనరూ వంగాడు. చెవి ఊచలకి ఆనించాడు. అలా వంగినవాణ్ని ఆవిడ తొందరగా లేవనివ్వలేదు. గుంపు పదిమందికి మించకూడదు. పెద్దాయనకీ పడవ మనిషికీ టికెట్టులో వాటా ఉండాలి, బిచ్చంలా కాదు, జీతంలా. దారి తాను చెప్పిందే దారి. ఆఖరిది, టికెట్లిచ్చే కిటికీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోవాలి. ఆయన నడుం పట్టుకుని లేస్తూ, “అలాగేనమ్మా” అన్నాడు.

సీజను రాకముందే శని ఆదివారాల టికెట్లు దొరకడం కష్టమైపోయింది. ‘చేత్తో చూసే ఊరు’ అని బోర్డు రాయించారు. కుమ్మరి ఒకాయన తానూ చక్రం తిప్పనిస్తానని వచ్చాడు. పుస్తకాలు కుట్టే అన్నదమ్ములు వచ్చారు. వీధి వీధిలో ఆవిడకి పీట పడింది. పక్క వీధి టూరిస్టు ఆఫీసు వాళ్లు మారువేషంలో వచ్చినట్టు టికెట్టు కొనుక్కుని వచ్చి, బిందె కొట్టి, ఆ మైకంలో తామెవరో తామే చెప్పేసి వెళ్లారు. ఓనరు అల్లుడు కూడా పని నేర్పమని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మొదటి పాఠంగా పొద్దుటి నుంచి భోజనాల దాకా మాట్లాడకుండా పెద్దాయన పక్కన కూర్చోమంది. పాపం అల్లాడిపోయాడు గానీ కూర్చున్నాడు. ఇప్పుడు ఆదివారం గుంపు అతనిదే.

గొంతు మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు చెప్పినట్టే సన్నగా, గాలిలానే ఉండిపోయింది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆవిణ్ని మైకక్క అని ఎందుకంటారో తెలియక మమ్మల్ని అడుగుతుంటారు.

మొన్న ఆవిడ సెలవు రోజున మా ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లింది. ఇదే ఊళ్లో పుట్టి పెరిగి బావగారు ఎన్నడూ నది దాటలేదు. అవతల డిపో లేదు కదా అంటారు. రేవులో పడవ మనిషి ఆయన్ని చూసి తెడ్లు రెండూ ఆయన చేతికే ఇచ్చింది. బస్సుల ఇనుముతో కుస్తీపట్టే చేతులు. నది ఆయనకి లొంగింది. మైకక్క తాను ఏ సైగా చేయనవసరం లేదని గ్రహించి, అంచు మీద కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు నీళ్లలో వదిలింది. అవతలి ఒడ్డు చేరాం, తిరిగి వచ్చాం. ఆయన మాత్రం తెడ్లు వదలడం లేదు.

“అన్నయ్యా, వెనక జనం ఎదురుచూస్తున్నారు, దిగు” అంది పడవ మనిషి.

బావగారు మైకక్క వైపు చూశారు. ఆవిడ నీళ్లలో కాళ్లు ఆడిస్తూనే వేలు ఒకటి ఎత్తి చూపించింది. ఇంకొక్కసారి అని. ఆయన పడవని మళ్లీ నది వైపు తిప్పారు.